పాత బండికి కరెంటు మోటారు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పాతబడిన పికప్ బండి లేని గ్రామము నేడు అరుదు. అవి కొన్ని పంచాయతీవి, కొన్ని పాలు సరఫరా చేయువారివి, మరికొన్ని కూరగాయల వర్తకులవి. బాడీ బాగుగనే యుండును, చక్రములు బాగుగనే యుండును, ఇంజను మాత్రము అరిగిపోయి పొగ చిమ్ముచుండును. ఇట్టి బండిని చూచినపుడు, ఇంజను తీసివేసి కరెంటు మోటారు పెట్టరాదా అను ఆలోచన ఎవరికైనను తోచును. ఊరిలో చేతిపని తెలిసిన యువకుడున్నచో, ఆ పని తానే చేసెదనని ముందుకు వచ్చును. కొందరు సభ్యులు అతనిని ప్రోత్సహింతురు. కొందరు ఇది కాని పని యని తోసివేయుదురు.

ఈ రెండును తొందరపాటు మాటలే. పాత బండిని విద్యుద్వాహనముగా మార్చుట సాధ్యమైన పని. అది అనేకులు చేసి చూపిన పని. అయినను, చేయగలిగిన ప్రతి పనియు చేయదగిన పని కాదు. ఏ బండికి ఇది లాభము, ఏ బండికి నష్టము, ఏది ప్రాణాపాయము, ఏది చట్టవిరుద్ధము అను నాలుగు సంగతులు తెలిసిన పిమ్మటనే నిర్ణయము చేయవలెను. ఖర్చు కానున్నది ప్రజల సొమ్ము. బండి నడుపవలసినవాడు మన గ్రామస్థుడు. కావున ఈ విషయమును కొంచెము వివరముగా మనవి చేయుదును.

ఇంటి దొడ్డిలో మొదలైన ప్రయత్నములు

విద్యుత్తుతో బండి నడుపుట క్రొత్త సంగతి కాదు. 1900వ సంవత్సరమున అమెరికాలో తయారైన 4,192 మోటారు వాహనములలో ఆవిరితో నడచునవి 1,681, విద్యుత్తుతో నడచునవి 1,575. పెట్రోలుతో నడచునవి 936 మాత్రమే. తరువాత పెట్రోలు చౌకగా దొరకెను. 1912లో, చేతితో హ్యాండిలు త్రిప్పనక్కర లేని స్టార్టరు క్యాడిలాక్ కార్లలో వచ్చెను. అంతట విద్యుద్వాహనములు వెనుకబడినవి.

1967లో కాలిఫోర్నియాలో కొందరు ఔత్సాహికులు ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ అను సంఘమును స్థాపించిరి. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని ఆపివేసినపుడు, పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన అమెరికనులకు ఈ మార్గము మరల జ్ఞప్తికి వచ్చెను. 1976లో ఆ దేశపు కాంగ్రెసు విద్యుద్వాహనముల పరిశోధనకు ప్రత్యేక చట్టమును చేసినది. కాని కంపెనీలు బండ్లను తయారు చేసి అమ్మువరకు వేచియుండక, పలువురు తమ ఇంటి షెడ్లలోనే పాత బండ్లను మార్చుకొనసాగిరి. 1994లో బాబ్ బ్రాంట్ అను రచయిత, ఒక ఫోర్డ్ రేంజర్ పికప్ బండిని మార్చిన విధానమును పుస్తకరూపమున వివరించెను.

వారు పికప్ బండినే ఎక్కువగా ఎన్నుకొనుటకు కారణములు కలవు. వెనుక తొట్టిలో బ్యాటరీలకు చోటుండును. బరువు మోయుటకు కమ్మీలు బలముగా నుండును. ఇంజను ఉన్న తావు విశాలముగా నుండును. పాత గేర్‌బాక్సును అట్లే ఉంచుకొని పని జరుపవచ్చును.

ఆ రోజులలో వారికి దొరికినవి సీసపు బ్యాటరీలు. ఒక్కొక్కటి 6 వోల్టులది. అట్టివి 20 చేర్చి 120 వోల్టులు సమకూర్చుకొనెడివారు. ఒక్కొక్క బ్యాటరీ 30 కిలోలకు కొంచెము తక్కువ తూగును గనుక, మొత్తము ఆరు క్వింటాళ్లకు చేరువగును. ఇంత బరువు మోసియు, చదునైన దారిలో ఆ బండి 60, 70 కిలోమీటర్లు పోయినచో వారు సంతోషించెడివారు. సరుకు వేయవలసిన తొట్టిని బ్యాటరీలే ఆక్రమించినవి. కావున అవి మనుష్యులు పనికి పోయి వచ్చుటకు ఉపయోగపడినవే గాని, బరువు తోలుటకు అంతగా ఉపయోగపడలేదు.

నేడు ఆ స్థితి మారినది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు వచ్చినవి. అంతే శక్తికి అవి సీసపు బ్యాటరీల బరువులో మూడవ వంతు కూడ ఉండవు. వేలసార్లు చార్జి చేసినను చాలవరకు నిలిచియుండును. ఈ మార్పు వలననే పాత బండిని మార్చు ప్రశ్న మన గ్రామముల వరకు వచ్చినది.

ఏది తీయుదురు, ఏది పెట్టుదురు

బండి నుండి ఇంజను, రేడియేటరు, డీజిలు ట్యాంకు, పొగగొట్టము తీసివేయుదురు. గేర్‌బాక్సును, వెనుక ఇరుసును ఉంచుదురు. మోటారును గేర్‌బాక్సుతో కలుపుటకు ఒక మందపాటి పలకను, ఒక కప్లింగును లేత్ మీద తయారు చేయవలెను. మోటారు ఇరుసు, గేర్‌బాక్సు ఇరుసు ఒకే గీటున నిలువవలెను. వెండ్రుక మందమంత తేడా వచ్చినను బేరింగులు అరిగి, కొద్ది నెలలలో పని చెడును. ఈ మొత్తము పనిలో చేతినేర్పునకు పరీక్ష ఇదియే.

మోటారునకు, బ్యాటరీకి నడుమ కంట్రోలరు అను పెట్టె ఉండును. డ్రైవరు ఆక్సిలరేటరు నొక్కినంత మేరకు అది మోటారునకు కరెంటు వదలును. హారనునకు, దీపములకు 12 వోల్టుల కరెంటు కావలెను గనుక, పెద్ద బ్యాటరీ నుండి ఆ మేరకు తగ్గించి యిచ్చు పరికరము వేరుగా నుండును. ప్రతి సెల్లు వోల్టేజిని, వేడిని కనిపెట్టి, హద్దు మీరినపుడు చార్జిని ఆపివేయు పర్యవేక్షణ పరికరము మరియొకటి. దీనిని బి.ఎం.ఎస్. అందురు. బ్యాటరీకి ఇది కావలివాని వంటిది. ఇది లేని లిథియం బ్యాటరీని బండిలో నుంచుట తగదు.

ఇందు చాలమంది మరచు సంగతి యొకటి కలదు. బ్రేకు పెడలును తేలికగా నొక్కుటకు తోడ్పడు బూస్టరు, ఇంజను నడచుట వలన కలుగు వాయుశూన్యముతో పని చేయును. ఇంజను తీసివేసినచో ఆ సహాయము పోవును. అపుడు పెడలు రాయివలె గట్టిపడి, బరువుతో నున్న బండి ఆగవలసిన చోట ఆగదు. కావున విద్యుత్తుతో నడచు వాక్యూం పంపును తప్పక అమర్చవలెను. బండి నడచుటకు ముందు బండి ఆగుట చూడవలెను.

దూరము లెక్క

పిండి కొలది రొట్టె. బ్యాటరీ కొలది దూరము. మనకందరకు తెలిసిన కరెంటు బిల్లులోని యూనిట్లతోనే ఈ లెక్క వేయవచ్చును.

సరుకుతో కలిపి రెండున్నర టన్నులు తూగు చిన్న పికప్ బండి, గ్రామపు రోడ్లపై మితమైన వేగముతో నడచినచో, కిలోమీటరుకు సుమారు పావు యూనిట్ ఖర్చగును. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు బండికి 10 యూనిట్లు కావలెను. అయినంత మాత్రమున 10 యూనిట్ల బ్యాటరీ చాలదు. బ్యాటరీని ప్రతిదినము అడుగంట వాడరాదు. ఐదింట నాలుగు వంతులు వాడి ఒక వంతు మిగిల్చిన అది చాలకాలము మన్నును. ఏండ్లు గడచిన కొలది దాని శక్తి ఐదింట ఒక వంతు తగ్గునని కూడ ముందే అనుకొనవలెను. ఈ రెండును చూచుకొన్నచో 16 యూనిట్ల బ్యాటరీ కావలసి వచ్చును.

3.2 వోల్టులు, 105 ఆంపియర్ అవర్లు గల సెల్లులను 48 వరుసగా కలిపిన 16 యూనిట్లు సరిపోవును. వాని మొత్తము వోల్టేజి సుమారు 154. సెల్లులు, ఇనుప పెట్టె కలిపి 150 కిలోల ప్రాంతమున తూగును. తీసివేసిన ఇంజను, ట్యాంకుల బరువుతో పోల్చిన ఇది పెద్ద భారము కాదు. అయినను పని ముగిసిన పిమ్మట బండిని వేబ్రిడ్జి మీద తూచి, ముందు ఇరుసుపై ఎంత, వెనుక ఇరుసుపై ఎంత అని వేరువేరుగా చూడవలెను. ఇంజను పోయి ముందు తేలికయై, బ్యాటరీలన్నియు వెనుక చేరినచో, మలుపులలో స్టీరింగు పట్టు తప్పును.

చార్జి సంగతి. 10 యూనిట్లు బ్యాటరీలో చేరుటకు, మధ్యలో పోవు నష్టముతో కలిపి, పదకొండున్నర యూనిట్లు మీటరులో తిరుగును. ఇంటిలోని 16 ఆంపియర్ల సాకెట్టు నుండి 3 కిలోవాట్ల చార్జరుతో ఇది నాలుగు గంటల పని. 3 కిలోవాట్లనగా 5 హార్సుపవరు పంపుసెట్టు తీసికొను కరెంటు కంటె తక్కువ. ఇట్టి బండి ఒకటి రెండు ఉన్నంతమాత్రమున ఊరి ట్రాన్సుఫార్మరునకు ముప్పు లేదు. కాని పది బండ్లు ఒకే సాయంకాలము చార్జికి పెట్టినచో ముప్పు కలదు. కావున విద్యుత్ పంపిణీ సంస్థకు ముందే తెలిపి, తగిన లోడు మంజూరు చేయించుకొని, ప్రత్యేకముగా వైరు లాగించి, ఎర్తు సరిగా వేయించుకొనవలెను.

డబ్బు లెక్క

ఇక అసలు ప్రశ్నకు వత్తము. దీని వలన లాభమా, నష్టమా?

ధరలు ఊరికొక తీరున, ఏడాదికొక తీరున మారుచుండును. కావున లెక్క నేర్చుకొనుటకై కొన్ని అంకెలను అనుకొందము. డీజిలు లీటరు 95 రూపాయలు, కరెంటు యూనిట్ 8 రూపాయలు, బండి లీటరుకు 12 కిలోమీటర్లు పోవును, మార్పిడికి 5 లక్షల రూపాయలగును అనుకొందము. మీరు మీ ఊరి ధరలను వేసి ఇదే విధముగా గుణించి చూడుడు.

దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు బండికి డీజిలు ఖర్చు 317 రూపాయలు. కరెంటు ఖర్చు 92 రూపాయలు. దినమునకు మిగులు 225. సంవత్సరమునకు 300 దినములు నడచినచో 67,500 రూపాయలు మిగులును. 5 లక్షలు తిరిగి వచ్చుటకు సుమారు ఏడున్నర సంవత్సరములు పట్టును. ఇంచుమించు బ్యాటరీ ఆయుర్దాయమంతయు దీనికే సరిపోవును.

దినమునకు 15 కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిని చూడుడు. ఊరి చెత్త సేకరించు బండి అనేక గ్రామములలో ఇంతకు మించి తిరుగదు. దానికి సంవత్సరమున మిగులునది 25,000 రూపాయలు. 5 లక్షలు తిరిగి వచ్చుటకు 20 సంవత్సరములు! చిన్న బ్యాటరీ పెట్టి ఖర్చు కొంత తగ్గించినను, మోటారు, కంట్రోలరు, కూలి ఖర్చులు తగ్గవు. అంతవరకు ఆ బ్యాటరీయు నిలువదు, ఆ బండియు నిలువదు. పొగ లేదు, చప్పుడు లేదు అను సుఖము నిజమే. కాని డబ్బు మిగులునని చెప్పి పంచాయతీ సొమ్ము తీసినచో, అది గ్రామసభకు అసత్యము చెప్పినట్లగును.

మూడవ బండి పాల బండి. ఉదయము 40 కిలోమీటర్లు, సాయంకాలము 40 కిలోమీటర్లు, ప్రతిదినము అదే దారి. మధ్యాహ్నము నాలుగైదు గంటలు ఖాళీగా నిలిచియుండును. ఆ వేళ చార్జి చేసినచో అదే 16 యూనిట్ల బ్యాటరీ రెండు విడతలకును చాలును. దినమునకు 450, సంవత్సరమునకు 1,35,000 రూపాయలు మిగులును. నాలుగేండ్లు నిండకముందే పెట్టుబడి తిరిగి వచ్చును. ఆయిలు మార్పు, ఫిల్టర్లు, ఇంజను రిపేర్ల ఖర్చు తప్పుట అదనపు లాభము. దినమునకు రెండుసార్లు చార్జి గనుక బ్యాటరీ త్వరగా వయసు మీరుననుట నిజమే. అయినను అప్పటికి పెట్టిన సొమ్ము చేతికి వచ్చియుండును.

ఈ మూడు లెక్కల సారము ఒక్కటే. మార్చదగిన బండి ప్రతిదినము బాగుగా తిరుగవలెను, కాని ఒక్క విడతలో దూరము పోరాదు. తక్కువ తిరుగు బండికి ఖర్చు రాదు. నేడొక ఊరు, రేపొక ఊరు అని జిల్లాలు దాటి పోవు బండికి బ్యాటరీ చాలదు. తిరుగు దారి నిశ్చయముగా నున్న బండికే ఈ మార్పిడి తగును.

ప్రాణాపాయము

ఇంటి కరెంటుతో పని చేసిన అనుభవము కలదని చెప్పి ఈ పనికి పూనుకొనువారు ఒక భేదము తెలిసికొనవలెను. మన ఇండ్లలో వచ్చునది ఏ.సి. కరెంటు. అది క్షణమునకు నూరుసార్లు సున్నకు దిగును గనుక, స్విచ్చి విప్పినపుడు పుట్టు మెరుపు తనంతట తానే ఆరును. బ్యాటరీలోనిది డి.సి. కరెంటు. అది సున్నకు దిగదు. తీగె విడదీసినచో మెరుపు ఆరక, ఇనుమును కూడ కరిగించుచు నిలుచును. ఇంటి మెయిన్ బోర్డులోని ఫ్యూజు, స్విచ్చి దీనికి పనికిరావు. డి.సి. కొరకే తయారైన ఫ్యూజును, కాంటాక్టరును వాడవలెను. బండి ఒరిగినపుడు, గుద్దుకొన్నపుడు కరెంటును తనంతట తాను తెంచు స్విచ్చి ఉండవలెను. డ్రైవరు చేతికందునట్లు అత్యవసరపు మీట మరియొకటి ఉండవలెను.

154 వోల్టుల డి.సి. ప్రాణము తీయగలదు. ఇంటి మెయినును ఆపినట్లు బ్యాటరీని ఆపుటకు వీలు లేదు. సెల్లులన్నియు కలిపిన క్షణము నుండి అది సజీవముగనే యుండును. రెంచి చేజారి రెండు కొనలను కలిపినచో అది ఎఱ్ఱగా కాలి, కరిగి చిందును. కావున ఉంగరములు, గడియారము, మొలత్రాడు, మెడగొలుసు తీసివేసి, తొడుగు గల పనిముట్లతో, రబ్బరు చేతితొడుగులతో, ప్రక్కన తెలిసిన మనిషిని ఉంచుకొని మాత్రమే పని చేయవలెను. ఒంటరిగా ఎన్నడును చేయరాదు.

పాతకాలపు సీరీస్ డి.సి. మోటార్లకు మరియొక గుణము కలదు. భారము లేకుండ పూర్తి వోల్టేజి ఇచ్చినచో, వేగము అంతకంతకు పెరిగి, మోటారు తనంతట తానే పగిలి ముక్కలు ఎగురును. బల్ల మీద పరీక్షించునపుడు 12 వోల్టులకు మించి ఇవ్వరాదు.

ఇక అగ్ని భయము. ఐరన్ ఫాస్ఫేటు సెల్లులు ఇతర లిథియం సెల్లుల కంటె తొందరగా అంటుకొనవు. కాని అసలే అంటుకొనవనుట తప్పు. దెబ్బతిన్న సెల్లు, అతిగా చార్జి అయిన సెల్లు, మండు వాయువులను వెడలించును. కావున బండిని తాటాకు పాక క్రింద గాని, గడ్డివామి ప్రక్కన గాని, మనుష్యులు నిద్రించు గది కిటికీ దాపున గాని చార్జి చేయరాదు. రెంటచింతల, రామగుండము వంటి తావులలో వేసవి ఎండ ఎట్టిదో మీకు తెలియును. మధ్యాహ్నపు చార్జికి రేకుల షెడ్డు కంటె గాలి ఆడు నీడ మేలు. ప్రమాదము జరిగినచో దూరముగా తొలగి, 101 నంబరుకు ఫోను చేసి, ఇది లిథియం బ్యాటరీ బండి యని చెప్పవలెను. మంట ఆరినట్లు కనిపించినను కొన్ని గంటల తరువాత మరల రాజుకొనగలదు.

చట్టము ఏమనుచున్నది

అమెరికాలోని ఔత్సాహికుల ఉదాహరణ చెప్పితిని. కాని వారి చట్టము వేరు, మన చట్టము వేరు. మన దేశమున, ఎవరి దొడ్డిలో వారు తమకు తోచినట్లు బండిని మార్చి రోడ్డెక్కించుట చెల్లదు.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. అయితే బ్యాటరీ మొదలైన శక్తులతో నడచుటకు కన్వర్షన్ కిట్టును అమర్చుకొనుటకు, నిర్ణీత షరతులకు లోబడి, అదే సెక్షను అవకాశమిచ్చుచున్నది. ఈ షరతులు 2016లో కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో చేర్చబడినవి. కిట్టు ఏ.ఐ.ఎస్. 123 అను ప్రమాణమునకు సరిపోవలెను. పూణేలోని ఆటోమోటివ్ రిసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, మానేసర్‌లోని ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ ఆటోమోటివ్ టెక్నాలజీ వంటి సంస్థలు దానిని పరీక్షించి ధ్రువపత్రము ఇచ్చును. ఆ కిట్టును అధికారము పొందిన వారే అమర్చవలెను. మార్పు జరిగిన 14 దినములలోపల యజమాని రవాణా శాఖకు తెలిపి, రిజిస్ట్రేషను పత్రమును సవరింపజేసికొనవలెను. నంబరు పలక కూడ మారును. రవాణా బండికి పచ్చని పలక మీద పసుపు అక్షరములు, సొంత బండికి పచ్చని పలక మీద తెల్లని అక్షరములు ఉండవలెను. బీమా కంపెనీకిని తెలుపవలెను.

ఈ నియమములను మీరి బండిని మార్చిన యజమానికి, 2019 సవరణ ద్వారా చేర్చబడిన 182-ఏ సెక్షను క్రింద, ఆరు నెలల వరకు జైలు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. అట్టి బండి ఎవరినైన గుద్దినచో బీమా రక్షణ చిక్కులలో పడును. పరిహారము యజమాని తలకు చుట్టుకొనును. యజమాని పంచాయతీయే అయినచో ఊరి తలకు చుట్టుకొనును.

పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన నియమము మరియొకటి కలదు. ప్రభుత్వ శాఖలకు, స్థానిక సంస్థలకు చెందిన వాహనములు 15 ఏండ్లు నిండినచో, వాని రిజిస్ట్రేషను కొనసాగదనియు, వానిని తుక్కు క్రింద పంపవలెననియు 2023 ఏప్రిల్ 1 నుండి నియమము అమలులోనికి వచ్చినది. పన్నెండేండ్ల పంచాయతీ బండికి లక్షలు పోసి క్రొత్త మోటారు పెట్టినచో, మూడేండ్లలో ఆ పెట్టుబడికి అర్థము లేకుండ పోవును. బండి వయసు చూడక బ్యాటరీ ధర అడుగుట, వరుని చూడక పెండ్లిపందిరి వేసినట్లగును.

మార్పిడికి ప్రభుత్వ సహాయము దొరకునా అని కొందరు అడుగుచుందురు. 2020లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన విద్యుద్వాహన విధానములో, మార్పిడి చేయించుకొను మొదటి 5,000 మూడు సీట్ల ఆటోలకు, ఖర్చులో 15 శాతము, 15,000 రూపాయలకు మించకుండ ప్రోత్సాహకము నిర్ణయించినారు. అది ఆటోలకు ఉద్దేశించినది, పికప్ బండ్లకు కాదు. కావున సహాయము వచ్చునను ఆశతో ముందుగా ఖర్చు చేయక, ఉత్తరువు చేతికి వచ్చిన పిమ్మటనే లెక్కలో చేర్చుడు.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

మార్పిడి తీర్మానము మీ ముందుకు వచ్చినపుడు ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు వ్రాతమూలముగా కోరుడు.

1. బండి తయారైన సంవత్సరమేది? 15 ఏండ్లు నిండుటకు ఇంకను ఎంత కాలమున్నది?

2. గడచిన మూడు నెలలలో దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరిగినది? నోటి లెక్క వలదు. లాగ్ పుస్తకము చూపవలెను.

3. కిట్టునకు ధ్రువపత్రము కలదా? అది ఈ నమూనా బండికే వర్తించునా?

4. మార్పు తరువాత ఎంత సరుకు మోయవచ్చును? వేబ్రిడ్జి చీటీ ఇత్తురా?

5. బ్యాటరీ ఎన్ని యూనిట్లది? గ్యారంటీ ఎన్ని ఏండ్లు? చెడినచో ఎన్ని దినములలో బాగుచేయుదురు? అంతవరకు ఊరి పని ఎట్లు జరుగును?

6. చార్జి ఎక్కడ చేయుదురు? తీగెలు, ఎర్తు, నీడ కలవా?

7. ఇదే సొమ్ముతో క్రొత్త విద్యుద్వాహనము ఎంతకు వచ్చును? దానికి గ్యారంటీ ఎంత?

ఏడవ ప్రశ్నను మరువరాదు. కొన్నిచోట్ల పాత బండిని తుక్కునకు అమ్మి, ఆ సొమ్ముతో కలిపి చిన్న విద్యుత్ ఆటో కొనుటయే మేలని తేలును. అట్లు తేలినచో సంకోచము వలదు.

మన యువకుల మాట

చివరిగా, మీ ఊరిలో ఆ పనికి ఉత్సాహపడిన యువకుని గూర్చి ఒక మాట చెప్పవలెను. చట్టము అడ్డమని చెప్పి అతనిని ఇంటికి పంపివేయుట న్యాయము కాదు. పంపుసెట్టు మోటారునకు వైండింగు చుట్టువారు, ట్రాక్టరు గేర్‌బాక్సు విప్పి బిగించువారు, లేత్ మీద కొలత తప్పక ఇరుసు తీయువారు మన గ్రామములలోనే కలరు. విద్యుద్వాహనము పనికి కావలసినవి ఈ చేతులే. లోపించినది డి.సి. కరెంటును గూర్చిన శిక్షణ, ధ్రువపత్రము. ఇట్టి యువకులను సమీపమున గల ఐ.టి.ఐ.కి గాని పాలిటెక్నికునకు గాని పరిచయము చేయుడు. తుక్కునకు పోవు బండి ఇంజను, గేర్‌బాక్సు అచ్చట పాఠమునకు పనికివచ్చునేమో విచారింపుడు. రోడ్డెక్కకుండ, ప్రహరీ గల ఆవరణలో, తెలిసిన బోధకుని ఎదుట 48 వోల్టులతో నేర్చినవాడు, రేపు అనుమతి పొందిన కిట్టును అమర్చు సంస్థలో పని సంపాదింపగలడు. ఊరిలో విద్యుత్ ఆటోలు పెరుగుచున్నవి. వానిని బాగుచేయువాడు పట్టణము నుండి రావలసిన అగత్యము ఎందులకు?

సభ్యులారా, చమురునకై మన దేశము పరాధీనమై యున్నది. మనము కాల్చు ముడిచమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా విదేశముల నుండి వచ్చునదే. ఒక పాల బండి డీజిలు మానుట చిన్న సంగతి కాదు. కాని లెక్క చూడక మార్చిన బండి ఒకటి షెడ్డులో నిలిచిపోయినచో, ఆ ఊరివారు పదేండ్ల వరకు విద్యుద్వాహనమను మాటనే నమ్మరు. సరిగా ఎన్నుకొని, సరిగా మార్చిన ఒక్క బండి, ప్రతి ఉదయమున పొగ లేక, చప్పుడు లేక, పాల క్యాన్లతో వీధివెంట పోయినచో, దానిని చూచి పదిమంది లెక్క అడుగుదురు. ఆ లెక్క చెప్పగలవారుగా మీరుండవలెను.

జైహింద్.